రాకపోతే అడిగేవాళ్లు

ఇందులో కుర్రాళ్ల పేర్లు ఉండవు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పేరొక్కటే కాదు, ఊరు, బడి, గుర్తుపట్టగల ఏ ఆనవాలూ అచ్చులోకి రాకూడదు. ఆ సెక్షన్ లేకపోయినా రాసేదాన్ని కాదు. ఇద్దరి సంగతి చెప్పాలి గనక ఒకణ్ని పెద్దోడనీ, ఇంకొకణ్ని పాటగాడనీ అంటాను. పొడుగు చూసి పెద్దోడన్నానే గాని, ఇద్దరిలో వాడే చిన్నవాడు.

నేను చిక్కడపల్లిదాన్ని. చదివింది నారాయణగూడలో, మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాలలో. నిజాం రాజ్యంలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి 1928లో పుట్టిన బడి అది. ఉద్యోగం కూడా ఈ చుట్టుపక్కలే, హైస్కూల్లో తెలుగు టీచరుగా చేశాను. నా చిన్నతనంలో జైలంటే ముషీరాబాద్ జైలు. బస్సు ఆ గోడ పక్కన పోతున్నంతసేపూ మా అమ్మ మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. గోడ అవతల ఉన్నది మనుషులేనని ఎవరూ చెప్పలేదు. 2003లో ఆ స్థలంలోకి గాంధీ ఆసుపత్రి వచ్చింది. ఇప్పుడక్కడ కాన్పులు జరుగుతున్నాయి.

రిటైరయ్యాక నన్ను సైదాబాద్ బాలుర హోంకు లాక్కెళ్లింది మా లెక్కల టీచరు. ఆవిడది నారాయణగూడ బాప్టిస్ట్ చర్చి. ఒక క్రిస్మస్‌కు నలుగురితో కలిసి హోంకు కేకులు పట్టుకెళ్తే, ఒక పిల్లాడు కేకు తింటూనే అడిగాడట: "ఏడాదికొకసారి కేక్ తెస్తరు సరే, ఎక్కాలెవరు చెప్తరు?" ఆవిడకు రోషం వచ్చింది. అప్పట్నుంచి శనివారం శనివారం కోఠిలో బస్సు మారి సైదాబాద్ వెళ్లేది. తెలుగు చెప్పడానికి మనిషి కావాలని 2015లో నన్ను కూడా పట్టుకుంది.

నాకు పూజలూ ఉన్నాయి, నోములూ ఉన్నాయి. కానీ భక్తి పెరిగితే దొంగతనం మానేస్తారన్న నమ్మకం మాత్రం లేదు. హోంకు వారం వారం ఎవరో ఒకరు వచ్చి మంచిమాటలు చెప్పి వెళ్లేవారు. అందరూ మంచివాళ్లే, ఆ మాటకొస్తే మంచితనమే కాస్త ఎక్కువ. ఒకాయన తల్లిదండ్రుల రుణం ఎలా తీర్చుకోవాలో గంటసేపు చెప్పాడు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లలో తండ్రి మొహం చూడనివాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ఇంకొకాయన కళ్లు మూసుకోమని, వెలుగు కనబడుతోందా అని అడిగాడు. కనబడుతోందని అందరూ గట్టిగా అరిచారు, తొందరగా అయిపోతుందని. పిల్లలు భజనకూ వెళ్లేవాళ్లు, ప్రార్థనకూ వెళ్లేవాళ్లు, రంజాన్ నెలలో ఇఫ్తారుకూ కూర్చునేవాళ్లు. లడ్డూకీ కేకుకీ ఖర్జూరానికీ సమానంగా న్యాయం చేసేవాళ్లు. మత సామరస్యం మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే అదే నయం.

పాటగాడికి ఆ మూడు మతాల పాటలూ వచ్చు. గొంతు బాగుండేది. పెద్దమనుషులెవరు వచ్చినా వాణ్నే ముందు నిలబెట్టేవారు. వాడు మారిపోయాడని అందరం అనుకున్నాం. పెద్దోడు అలా కాదు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి బయట ఆగిన బండ్లు చూసేవాడు. వాడు చేసిన తప్పు కూడా బండ్లదే. తనకంటే వయసులో పెద్దవాళ్లిద్దరు మోటారు సైకిళ్ల తాళాలు విరగ్గొడితే, నడిపే పని వీడిది. బండి నడపడం అంటే అంత సరదా.

2016 ఎండాకాలంలో వచ్చాడు పెద్దోడు. కొత్త బాల న్యాయ చట్టం ఆ జనవరి 15నే అమలులోకి వచ్చింది. వాడి పొడుగు చూసి మొదట కాగితాల్లో పందొమ్మిది ఏళ్లని పడింది. పందొమ్మిదంటే చంచల్‌గూడ. పద్దెనిమిది లోపంటే సైదాబాద్. వయసు తేల్చడానికి చట్టం 94వ సెక్షన్‌లో ఒక వరుస ఉంది. ముందు బడివాళ్లు ఇచ్చిన పుట్టినతేదీ పత్రం చూడాలి. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. వాడు ఊళ్లో మూడో తరగతి దాకా చదివాడు. తల్లి అడ్డా మీద కూలి. రెండు రోజుల కూలి పోగొట్టుకుని ఊరెళ్లి, బడి రిజిస్టరులో ఉన్న తేదీ రాయించుకొచ్చింది: 1999 జూన్.

ఆ తేదీ ఎలా వచ్చిందో ఆవిడే నాకు చెప్పింది. "నాకేమెరుక అమ్మా, వానలు మంచిగ పడ్డంక పుట్టిండు. సారు వాని చెయ్యి తలకాయ మీదికెంచి అవతలి చెవు పట్టుకోమన్నడు. అందింది. అయిదేండ్లని రాసుకున్నడు." ఊళ్లల్లో ఎంతోమంది పుట్టినరోజులు జూన్‌లోనే ఉండటానికి కారణం ఇదే, బళ్లు తెరిచే నెల అది. చెవి అందిన ఆ లెక్క వల్ల వాడు పదహారేళ్ల పిల్లాడయ్యాడు. చదువు వాణ్ని మొదటిసారి కాపాడింది అప్పుడే. మూడో తరగతిలో వాడు నేర్చుకున్నదేమీ లేదు, పేరు మాత్రం రిజిస్టరులో ఉంది.

మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలు ఈ చట్టం లెక్కలో చిన్న నేరాలు. బండి దొంగతనం అందులోకే వస్తుంది. 12వ సెక్షన్ ప్రకారం బెయిలు కూడా సులువే. అయినా పెద్దోడు నెలల తరబడి లోపలే ఉన్నాడు, ఎందుకంటే సంతకం పెట్టడానికి మనిషి లేడు. తండ్రి ఎటో వెళ్లిపోయాడు. తల్లికి కోర్టంటే భయం, పైగా వచ్చిన రోజల్లా కూలి పోతుంది. ప్రొబేషన్ ఆఫీసరు బాల న్యాయ బోర్డుకు రాసే నివేదికలో ముఖ్యంగా చూసేది రెండే: బయటికొస్తే ఎవరు చూసుకుంటారు, ఏం చేస్తాడు? ఆ రెండిటికీ జవాబు దొరక్కనే మంచి మార్కులున్న పిల్లలు కూడా లోపల ఉండిపోవడం చూశాను.

లెక్కల టీచరు ఆ జవాబులు సంపాదించింది. ఆవిడ మరిదికి అశోక్‌నగర్‌లో జిరాక్స్ దుకాణం ఉంది. పూటపని ఇస్తానని ఆయనతో కాగితం రాయించింది. నేను ఓపెన్ స్కూల్లో పదో తరగతికి వాడి పేరు నమోదు చేయించి రసీదు తెచ్చాను. ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు ఒకటొకటిగా పాసై ఐదేళ్ల లోపు పూర్తి చేసుకోవచ్చు. మధ్యలో బడి మానేసిన పిల్లలకు అంత గడువిచ్చే దారి ఇంకోటి నాకు తెలీదు. దసరా వెళ్లాక తల్లి వచ్చి సంతకం పెట్టింది. వాడు బయటికొచ్చాడు.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో డాన్ బోస్కో అనే కుర్ర పాదిరీ జైళ్లలో పిల్లల్ని చూడటానికి వెళ్లేవాడు. విడుదలైన పిల్లలే కొన్నాళ్లకు మళ్లీ లోపల కనబడుతున్నారేమిటని ఆయనకు పట్టుకుంది. బయట వాళ్లకు ఎవరూ లేకపోవడమే కారణమని గ్రహించి, జైలు గదుల్లో బోధనలతో సరిపెట్టుకోకుండా, ఆదివారాలు కుర్రాళ్లను పోగేసి ఆటలూ చదువూ ప్రార్థనా ఒకేచోట పెట్టాడు. మా బాప్టిస్ట్ టీచరుకు కేథలిక్ సాధువుల మీద పెద్ద గురి లేదు. "ఆ ఒక్క విషయంలో ఆయన కరెక్టే" అని మాత్రం ఒప్పుకుంది.

పెద్దోడు దుకాణం అటక మీద పడుకునేవాడు. ఆదివారం పదకొండున్నరకి, చర్చి అయ్యాక, లెక్కల టీచరు ఇంట్లో భోజనానికి రావాలన్నది షరతు. చర్చికి రమ్మని ఆవిడ అనలేదు. మూడో నెలలో వాడే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడట. ఆ మాట తల్లి చెవిన పడింది. ఒకరోజు చీర కొంగుకు సిమెంటు దుమ్ముతోనే నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, మీరు మనోల్లే గద. నిజం చెప్పున్రి. మా పోరన్ని మతంల కలుపుకుంటున్రా?"

నేను జవాబు చెప్పకుండా ఆవిణ్ని నారాయణగూడ తీసుకెళ్లాను. లెక్కల టీచరు టీ పెట్టి ఇచ్చి, నిదానంగా చెప్పింది. "కలపను. ఆదివారం వాడు నా కండ్లకు కనబడాలె, గంతే. మీ మల్లన్న దగ్గరికి పోతే పోనీ. పోతున్ననని ఒక ఫోన్ చెయ్యమను."

సంక్రాంతి దాటాక కొమురవెల్లి మల్లన్న జాతర మొదలవుతుంది. ఉగాది దాకా ప్రతి ఆదివారమూ జాతరే. ఆ రోజుల్లో ఆవిడకు ఫోను వచ్చేది: "మేడం, ఈ ఐతారం మల్లన్న దగ్గరున్న." పక్కన డప్పులు వినబడేవి. చర్చి సభ్యురాలు ఒకావిడ మల్లన్న జాతరకు హాజరు తీసుకోవడం నాకు తెలిసి అదొక్కటే. ఫోను రాని ఆదివారం ఒకటుంది. ఆవిడ భోజనం మానేసి ఆటో ఎక్కి దుకాణానికి వెళ్లింది. పాత స్నేహితులిద్దరు కింద బండి మీద కూర్చుని వాడికోసం చూస్తున్నారు. ఈవిడ వాళ్లను ఏమీ అనలేదు. షట్టరు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. గంట చూసి వాళ్లే వెళ్లిపోయారు.

విశ్వాసం అంటే నేను కళ్లారా చూసింది ఈ స్టూలు. వాడి హృదయంలో ఏం జరిగిందో నాకు తెలీదు, తెలుసునని చెప్పేవాళ్ల మీద నాకు గురి లేదు. వాడు రాకపోతే వెతుక్కుంటూ వెళ్లే మనిషి ఒకరు ఏర్పడ్డారు. ఆ మనిషిని ప్రతి ఆదివారం పొద్దున లేపి నడిపించేది ఆవిడ విశ్వాసం. భక్తి పనిచేసింది ఆవిడలో, ఫలితం వచ్చింది వీడికి.

చదువు కూడా ఇంచుమించు అలాగే పనిచేసింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ తెలియని నిరుద్యోగి ఈ రాష్ట్రంలో ఉండడు. లోపల హాళ్లు నిండి, బయట చెట్ల కింద కుర్చీలు నిండి, గోడ పక్కన కూడా కూర్చుని చదువుతుంటారు. లైబ్రరీ పుస్తకాలు తీసేవాళ్లు తక్కువ. అందరూ సొంత పుస్తకాలు, అశోక్‌నగర్ చౌరస్తాలో జిరాక్స్ తీయించిన కోచింగ్ నోట్సులు తెచ్చుకుంటారు. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనానికి వరుస కడతారు. పదో తరగతి పుస్తకాలతో పెద్దోడు అక్కడ చేరినప్పుడు గ్రూప్స్‌కు చదివే అన్నలు నవ్వారు, తర్వాత లెక్కలు చెప్పారు. ఏం నేరం చేసి వచ్చావని అక్కడ ఎవరూ అడగరు. కటాఫ్ ఎంతని అడుగుతారు. ఒకరోజు కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం "నిన్న రాలేదేంది తమ్మీ" అంటారు. ఇంగ్లిషులో రెండుసార్లు తప్పి, 2018లో పది పాసయ్యాడు. ఆ తర్వాత ఇంటర్ కూడా ఓపెన్‌లోనే.

జైళ్లలో చదువుకున్నవాళ్లు మళ్లీ నేరం చేసి లోపలికొచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 43 శాతం తక్కువని అమెరికాలో రాండ్ సంస్థ 2013లో లెక్కగట్టింది. అది పెద్దవాళ్ల జైళ్ల లెక్క. చదువు వల్ల ఉద్యోగం వచ్చి మానేశారో, చదువుకోవాలనుకున్నవాళ్లే ముందునుంచీ మానేద్దామనుకున్నవాళ్లో విడదీయడం కష్టం. నాకు కనబడినంతలో చదువు వాడికి ఒక క్యాలెండర్ ఇచ్చింది. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, హాల్ టికెట్ తేదీ, ఫలితం తేదీ. పదహారేళ్ల దాకా వాడి రోజులకు తేదీలు లేవు.

ఇక పాటగాడు. పెద్దోడి కంటే ముందే విడుదలయ్యాడు. వాడికోసం గేటు దగ్గర ఎవరూ నిలబడలేదు. మారిపోయాడు గదా, ఇంక భయం లేదనుకున్నారు అందరూ. సికింద్రాబాద్ స్టేషను దగ్గరి పాత జట్టుకు వెళ్లాడు. పందొమ్మిదో ఏట సెల్‌ఫోన్ల కేసులో చంచల్‌గూడకు చేరాడు. పద్దెనిమిది నిండి హోం నుంచి బయటపడ్డ పిల్లలకు ఆసరా ఇవ్వొచ్చని చట్టం 46వ సెక్షన్‌లో ఉంది. ఉందని వాడికి తెలీదు, చెప్పినవాళ్లూ లేరు. ములాఖత్‌కు వెళ్లి అడిగాను, ఇన్ని పాటలు నేర్చుకున్నావు గదా నాయనా అని. వాడు కోపం లేకుండానే చెప్పాడు.

"పాటలు మస్తొచ్చు మేడం. బయట ఎవ్వలు పాడుమనలే."

అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రం చంచల్‌గూడ జైల్లోనే ఉంది. వాడు డిగ్రీ అక్కడే మొదలుపెట్టాడు. బయట దొరకని చదువు లోపల దొరకడం మన వ్యవస్థకు గొప్పో తప్పో నేను తేల్చుకోలేదు.

పెద్దోడు 2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టాడు. మొదటి పరీక్ష గట్టెక్కాక దేహదారుఢ్య పరీక్షలు, మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. సరిగ్గా ధనుర్మాసం. తెల్లారకముందే ఇందిరా పార్కు వైపు పరుగు తీసి, తిరిగొస్తూ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పొంగలి పెట్టించుకునేవాడు. నేను తిరుప్పావైకి వెళ్లినప్పుడు వరుసలో కనబడేవాడు, చెమటతో, దొన్నె చేత్తో పట్టుకుని. "దర్శనం చేసుకున్నావురా?" అంటే "మీరు చేసుకున్నరు గద మేడం" అనేవాడు. పరుగు నెగ్గాడు. 2023 అక్టోబరులో తుది ఫలితాలొస్తే కొద్ది మార్కుల్లో పోయింది.

ఎంపికైనవాళ్లకు అటెస్టేషన్ ఫారాలు నింపే పని పడింది. వాళ్లంతా వచ్చింది వీడి దుకాణానికే. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా అని అడిగే కాలమ్ ఉంటుంది ఆ ఫారంలో. వారం రోజులు వాడు ఆ కాగితాన్నే సెట్లు సెట్లుగా జిరాక్స్ తీశాడు. ఆ వారం చివర మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అడిగాడు.

"నాకొస్తే గా కాలమ్‌ల ఏం రాయాలె మేడం? రాయాల్నా, వద్దా?"

మా అపార్టుమెంటులో వకీలు గారున్నారు. వాణ్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. బాల న్యాయ చట్టం కింద విచారణ జరిగిన పిల్లలకు ఆ నేరం వల్ల ఏ అనర్హతా అంటదని 24వ సెక్షన్. అప్పీలు గడువు దాటాక రికార్డులు ధ్వంసం చెయ్యాలని కూడా అందులోనే ఉంది, ఘోర నేరాలకు తప్ప. 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, బాల్యంలో మోపిన కేసు ఉద్యోగానికి అడ్డు రాకూడదంది. కానీ 2016లో అవతార్ సింగ్ కేసులో, ఫారంలో నిజం దాచడం మీద అదే కోర్టు కఠినంగా మాట్లాడింది. అందుకని ఆయన సలహా: ఉన్నది ఉన్నట్టు రాయి, కింద 24వ సెక్షన్ ప్రస్తావించు, బోర్డు ఉత్తర్వు నకలు జతపరుచు.

"రికార్డు చింపేస్తరంటున్రు గద సార్. మరి నకలేడికెంచి వస్తది?"

వకీలు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చింపేయకముందే తీసుకుని దాచుకోవాలి, అన్నారు. మరిచిపోవాలని చట్టం చెప్పినదాన్ని మరిచిపోయారని రుజువు చేసుకోవడానికి వాడు జీవితాంతం ఆ కాగితం మోయాలి. అదృష్టం కొద్దీ లెక్కల టీచరు అప్పట్లోనే సర్టిఫైడ్ కాపీ తీయించి పెట్టింది. అది ఇప్పుడు పదో తరగతి మెమో ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.

2024 జూలైలో గ్రూప్-2 వాయిదా వెయ్యాలని అశోక్‌నగర్ చౌరస్తా కుర్రాళ్లతో నిండిపోయింది. లైబ్రరీ దగ్గర పోలీసులు వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. వాడి కుర్చీ పక్కవాళ్లంతా రోడ్డు మీద ఉన్నారు. వీడు షట్టరు సగం దించుకుని లోపలే ఉండిపోయాడు. పిరికివాడన్నారు. వాళ్లకు తెలియనిదేమిటంటే, ఇప్పుడొక కేసు పడితే దాన్ని తుడిచే 24వ సెక్షన్ ఉండదు. పరీక్షలు డిసెంబరుకు వాయిదా పడ్డాక వాళ్లే వచ్చి టీ తాగించారు. ఎందుకు రాలేదో వాడు ఈనాటికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

మొన్న మళ్లీ వచ్చాడు, ఈసారి వయసు లెక్క కోసం. కానిస్టేబుల్‌కు గరిష్ఠ వయసు 22, బీసీలకు ఐదేళ్ల సడలింపుతో 27. లెక్క చూసేది జూలై 1 నాటికి. 1999 జూన్ గనక 2026 జూలై నాటికి వాడికి 27 నిండిపోతాయి. సర్కారు అదనంగా సడలిస్తే తప్ప అయిపోయినట్టే. తల్లి కూడా వచ్చింది. "వానలు పడ్డంక పుట్టిండని చెప్తనే ఉన్న" అంది. ఆగస్టని రాసి ఉంటే ఇంకో ఏడాది మిగిలేది. "గప్పుడు బోర్డు ముంగట గదే తారీఖు కరెక్టని నువ్వే చెప్తివి గదనే" అన్నాడు వాడు.

నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుండగా జేబులోంచి కాగితం తీశాడు. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకు కట్టిన ఫీజు రసీదు. యూనిఫారం లేని ఉద్యోగాలకు తెలంగాణలో వయసు పరిమితి 2024లో 46కు పెంచారు.

"మనకింకో అయిదేండ్లు ఎక్కువ మేడం. గా లెక్క గట్లనే ఉంటే యాభై ఒకటి దాంక గ్రూప్స్ రాయొచ్చు. గా కాలమ్ దాంట్ల గూడుంటది, తెలుసు. ముందుగాల పొలిటికల్ సైన్స్ తెలుగు మీడియం పుస్తకాలు ఎక్కడ దొరుకుతయో చెప్పున్రి."